కుడ్యచిత్ర రూపకల్పన – చేతి అక్షరాలు

గోడకెక్కించే బొమ్మను, అక్షరాలను ముందే టాబ్లెట్‌పై గీసి సిద్ధం చేసే పద్ధతి. మొదట గోడ కొలతలు, కిటికీలు, పగుళ్లు గుర్తిస్తారు; 20 అడుగుల గోడ 1:10 నిష్పత్తిలో రెండడుగుల చిత్రమవుతుంది.

తెలుగులో అసలు పరీక్ష అక్షరాలే. ‘మార్కాపురం’లో క వత్తు, ‘గిద్దలూరు’లో ద వత్తు వరుస కిందికి దిగుతాయి; ‘కొమరోలు’కు ఆ చిక్కు లేదు. అందుకే వరుసల మధ్య ఎడం ఉదారంగా వదలాలి. అచ్చు ఫాంటు ఈ సర్దుబాటును యాంత్రికంగా చేస్తుంది, చేతిరాత పదాన్నిబట్టి చేస్తుంది. అందం అక్కడే ఉంది. పలకలకు పేరుపడ్డ మార్కాపురం గోడకు పలక నలుపు మీద బలపం గీతలాంటి గరుకు అంచు చక్కగా నప్పుతుంది.

వెక్టర్ రూపంలో గీసిన అక్షరం ఎంత పెంచినా చెదరదు. దాన్ని గళ్ల సాయంతోగానీ, చీకటిపడ్డాక ప్రొజెక్టర్‌తోగానీ గోడకు దించి, ఎండావానలకు నిలిచే ఎమల్షన్ రంగులను పైనుంచి కిందికి వేస్తారు.