సత్రం అరుగు నుంచి పింఛను జాబితా దాకా

మన కథాసాహిత్యంలో ముసలివాళ్లకు కొదువ లేదు. పంచలో కుక్కిమంచం, కోడలి సూటిపోటి మాటలు, పట్నంలో కొడుకు, రాని ఉత్తరం - ఈ సామగ్రితో ఎన్ని కథలు వచ్చాయో లెక్క చెప్పడం కష్టం. వీటిలో చాలావాటికి ప్రతినాయకుడు ఒక్కడే: కృతఘ్నుడైన కొడుకు. ఆ కథల్లో పంచాయతీ కార్యాలయం కనిపించదు, పురపాలక సంఘం కనిపించదు. కడుపున పుట్టినవాడు చూడకపోతే ఇక దేవుడే దిక్కన్న భావం రచయితకూ పాఠకుడికీ సహజంగా తోస్తుంది. ఈ 'సహజం' వెనక ఒక చరిత్ర ఉంది. దేవుడూ పురపాలక సంఘమూ పక్కపక్కనే ఉన్న తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో అది మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

తిరుపతి యాత్రాస్థలం కనుక ఈ సీమ దారుల వెంట సత్రాలు వెలిశాయి. సత్రం బాటసారి కోసం పుట్టిందే గాని వృద్ధుల కోసం కాదు. అయినా ఇల్లూ వాకిలీ లేని ముసలిప్రాణం తల దాచుకోవడానికి ఆ అరుగే దిక్కయింది. దాన్ని స్వర్ణయుగంగా చిత్రించుకోవలసిన పని లేదు. చాలా అన్నసత్రాలలో వండిన అన్నం బ్రాహ్మణులకే వడ్డించేవారు. మాలమాదిగ వృద్ధులకు ఆ అరుగు కూడా దక్కలేదు. దాతకు పుణ్యం ముఖ్యం, తినేవాడికి అడిగే హక్కు లేదు.

కుంఫిణీ ప్రభుత్వం 1817లో చేసిన మద్రాసు 7వ రెగ్యులేషన్ ఈ ధర్మాదాయాలను రెవెన్యూ బోర్డు అజమాయిషీ కిందికి తెచ్చింది. 1871 నాటి స్థానిక నిధుల చట్టం రోడ్లతో, ఆసుపత్రులతో పాటు సత్రాలను కూడా స్థానిక నిధులతో చేయదగిన పనులలో చేర్చింది. దాత పుణ్యంగా ఉన్నది ప్రజల పన్నుతో నడిచే బాధ్యతగా మారడానికి ఇక్కడ ఒక తలుపు తెరుచుకుంది. కాని ఆ తలుపులోంచి ఎవరూ లోపలికి పోలేదు. ఇంగ్లండులో 1601 నుంచీ పేదల చట్టం ఉంది, నిస్సహాయులైన వృద్ధులను పోషించడం ప్రతి పారిష్ విధి. ఆ పోషణ ఎంత కర్కశమైనదైనా, విధి విధే. తమ దేశపు మునిసిపాలిటీని మనకు తెచ్చిన పాలకులు, తమ దేశపు పేదల చట్టాన్ని మాత్రం ఓడ ఎక్కించలేదు.

మనకు దక్కింది కరువు నియమావళి. 1876-78 నాటి ధాత కరువు రాయలసీమను ఊడ్చిపెట్టినప్పుడు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం, మదనపల్లె కడప జిల్లాలో భాగం. ఆ తర్వాత 1880 నాటి కరువు కమిషన్ సిఫార్సులపై తయారైన నియమావళులు జనాన్ని రెండుగా విడదీశాయి. ఒళ్లు వంచగలవాడికి కరువు పని, వంచలేని ముసలికీ అవిటికీ ఉచిత సహాయం. ఆ రెండో తరగతి వారి పేర్లను గ్రామాధికారులు జాబితా రాసేవారు. కూలి చెయ్యలేని వృద్ధుడిని రాజ్యం గుర్తించిన తీరు ఇది: కరువున్నన్నాళ్లు జాబితాలో పేరు, వానలు పడ్డాక ఆ జాబితాకు విలువ లేదు.

తిరుపతి పురపాలక సంఘం 1886లో ఏర్పడింది, చిత్తూరు జిల్లా 1911లో. యాత్రికుల పట్టణంలో పురపాలక సంఘానికి కలరా, మంచినీళ్లు, దీపాలు - ఇవే సరిపోయాయి. మరోవైపు 1843 నుంచి మహంతుల చేతిలో ఉన్న దేవస్థానం 1932 చట్టంతో కమిటీ పాలనలోకి వచ్చింది. అనాథలకు, కుష్ఠురోగులకు దేవస్థానం ఆశ్రయం కల్పించింది. మంచిదే. అయితే నిరాశ్రయుల సంగతి దేవుడి ఖాతాలో పడ్డాక, పౌరుల ఖాతాలోంచి దాన్ని తీసివెయ్యడం తేలికయింది.

రాజ్యాంగం 41వ అధికరణం వృద్ధాప్యంలో ప్రజాసహాయం గురించి చెబుతుంది, కాని అది న్యాయస్థానంలో అమలు చేయించుకోదగిన హక్కు కాదు. 1992 నాటి 73, 74 సవరణలు పంచాయతీలకూ పురపాలక సంఘాలకూ పనులు పంచాయి. పదకొండు, పన్నెండు షెడ్యూళ్లలో సాంఘిక సంక్షేమం ఉంది, బలహీనవర్గాలు ఉన్నాయి, వికలాంగులు ఉన్నారు. 'వృద్ధులు' అన్న మాట రెండింటిలోనూ లేదు. అదే 1992లో కేంద్రం వృద్ధాశ్రమాలకు గ్రాంటులిచ్చే పథకం మొదలుపెట్టింది. స్థానిక సంస్థలు కూడా అర్హులే అయినా ఆ పని ప్రధానంగా స్వచ్ఛంద సంస్థల చేతికి పోయింది. 1981లో తిరుపతిలో రాయలసీమ సేవా సమితిగా పుట్టి, తర్వాత రాష్ట్రీయ సేవా సమితి అయిన 'రాస్' వృద్ధాశ్రమాలు నడిపింది. ఇలాంటి సంస్థల శ్రమను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. డబ్బు ఢిల్లీది, శ్రమ సంస్థది. ఊరు ఎన్నుకున్న కౌన్సిలరుకు ఇందులో పాత్ర ఏమిటి?

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. తెలుగు వ్యాకరణం చెప్పుకునేవాణ్ణి కనుక నా దృష్టి క్రియాపదాల మీదికే పోతుంది. బిడ్డలు పోషించి తీరాలి, కాదంటే ట్రిబ్యునల్ నెలకు పది వేల దాకా భరణం విధించవచ్చు. 19వ సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి, జిల్లాకొకటి చొప్పున మొదలుపెట్టి, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమాలను రాష్ట్రప్రభుత్వం నెలకొల్ప'వచ్చును'. కొడుకుకు విధ్యర్థకం, రాజ్యానికి 'వచ్చును'. కథకులు కొడుకును బోనులో నిలబెట్టిన పద్ధతినే శాసనకర్తలూ అనుసరించారు.

పురపాలక సంఘం స్వయంగా పని అప్పగించి నడిపించే ఆశ్రయం ఒకటుంది. సుప్రీంకోర్టు ఆదేశాల ఒత్తిడి మీద, 2013 నుంచి పట్టణ నిరాశ్రయుల వసతి పథకం వచ్చింది. లక్ష జనాభాకొక వసతి, మనిషికి యాభై చదరపుటడుగులు. నిర్వహణ ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలకు ఒప్పందం. తల దాచుకోవడానికి సరే, మంచం దిగలేని మనిషిని చూసుకోవడానికి ఉద్దేశించింది కాదు.

ఒప్పందాల పద్ధతిని గుడ్డిగా పొగడడానికీ వీల్లేదు. బ్రిటనులో 1948 చట్టం వృద్ధులకు నివాసం కల్పించడం స్థానిక మండలి విధి అన్నది. 1990 చట్టం తర్వాత మండలి స్వయంగా నడపడం తగ్గించి ప్రైవేటు ఆశ్రమాల దగ్గర, ఇంటికి వచ్చి సేవ చేసే కంపెనీల దగ్గర సేవ కొనడం పెంచింది. ధర తగ్గించే బేరంలో సేవ పదిహేను నిమిషాల ముక్కలయిందన్న విమర్శ అక్కడ బలంగా ఉంది. అయినా తేడా గమనించాలి. అక్కడ కొట్లాట విధిని ఎలా నెరవేర్చారన్నదాని మీద. ఇక్కడ ఆ విధే లేదు.

మనకున్నది పింఛను. 1995లో కేంద్రం ఇచ్చింది నెలకు 75 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నాలుగు వేలు. ఇది ఓట్ల కోసం పెరిగిందని వెక్కిరించేవాళ్లను నేనెరుగుదును. ఓటుకు భయపడి పెరిగిందంటే అది భిక్ష కాదని అర్థం. నెల మొదటి తేదీన ముసలమ్మ చేతిలో పడే నోట్లు ఆ ఇంట్లో ఆమె మాటకు విలువ తెస్తాయి. కాని నోటు పక్క తిప్పదు, గంజి తాగించదు.

నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒంటరి ముసలమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కొడుకు బెంగుళూరులో కూలి. అతణ్ణి కృతఘ్నుడనడానికి నాకు నోరు రాలేదు, ఒక రోజు పని మానితే ఆ రోజు కూలి లేదు అతనికి. స్థానిక కార్యాలయానికి పోయి అడిగాను.

"సార్, పింఛను ఇంటికే తెచ్చిస్తా ఉండాం గదా, ఇంకేం గావాల?" అన్నాడు అక్కడి ఉద్యోగి, మర్యాదగానే.

"ఆమెకు నీళ్లు పోసి, పక్క తిప్పేదానికి మనిషి?"

"దానికి మా దగ్గర పద్దు లేదు సార్."

ఆ మనిషి పక్కింట్లోనే ఉండింది. రెండు ఆవులు పెట్టుకుని పాలకేంద్రానికి పోసి బతికే ఆడమనిషి. పొద్దున పాలు పోసి వచ్చాక ఒకసారి, సాయంత్రం పాలు పితికే ముందు ఒకసారి పోయి ముసలమ్మకు చెయ్యవలసినవి చేసేది. నాలుగు నెలలు చేసింది. ఆమె పేరు ఏ జాబితాలోనూ లేదు.