గడీ గడప దాటని జెనీవా మాట

దొర బిడ్డకు పెండ్లయితే నగానట్రాతో పాటు ఒక ఆడపిల్లను కూడా అరణంగా పంపేవారు. ఆ పిల్లను ఆడబాప అన్నారు. చిన్నతనంలోనే గడీకి చేరిన బీదింటి బిడ్డ. దొరసానికి తల దువ్వాలి, నీళ్లు తోడాలి, వాకిలి ఊడ్చాలి. దొర పిలిస్తే కాదనే వీలు లేదు. తనకంటూ ఒక పెండ్లి, ఒక ఇల్లు అనే ఆశే లేదు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్ర రాస్తూ, దొరల దోపిడీ రూపాలన్నిటిలోకీ ఇదే అతి హీనమైనదని తేల్చారు. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ ఇలాంటి పిల్ల కథే. అందులో నటించిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది.

నిజాం రాజ్యపు పల్లెల్లో ఇదంతా సాగుతున్న కాలంలోనే, 1926 సెప్టెంబరు 25న, జెనీవాలో నానాజాతి సమితి బానిసత్వ నిషేధ ఒప్పందాన్ని ముందుకు తెచ్చింది. ఇండియా తరఫున కూడా సంతకం పడింది. కానీ ఆ సంతకానికి ఒక మినహాయింపు తగిలించారు. బానిసత్వాన్ని అన్ని రూపాల్లోనూ రూపుమాపాలన్న నిబంధన, నిర్బంధ చాకిరీని అదుపు చేయాలన్న నిబంధన సంస్థానాధీశుల రాజ్యాలకు వర్తించవని అందులో రాసుకున్నారు. ఆ సంస్థానాల్లో జనాభాలో హైదరాబాద్ అతి పెద్దది. మన వరంగల్ దాని కింది ఒక సుబా.

ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ మినహాయింపే. దొర దౌర్జన్యం ఊరందరికీ కనబడేది. ఇది మాత్రం అక్షరం రాని ఆ పిల్లకు జన్మలో తెలియని చోట, తెలియని భాషలో జరిగిపోయింది.

అప్పు కింద తరతరాలు చాకిరీ చేసే భగేలాల ఒప్పందాల మీద నిజాం సర్కారు 1936లో ఒక చట్టం తెచ్చింది. అలాంటి చట్టం ఉందన్న సంగతి జీతగాళ్లలో ఎందరికి చేరి ఉంటుంది? చేరినా, ఫిర్యాదు చేయాల్సింది దొర చేతికిందివాళ్లకే కదా.

అసలు కదలిక జనంలోంచి వచ్చింది. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ వెట్టి చాకిరీని చర్చకు పెట్టింది. 1944 భువనగిరి సభ తర్వాత, జనం ‘సంగం’ అని పిలుచుకున్న ఆ మహాసభ ఊరూరికీ పాకింది. 1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య బలయ్యాడు. ఆ తర్వాత దొరలు గడీలు వదిలి పట్నం బాట పట్టారు. వెట్టి నడుము విరిగింది అక్కడే.

మనుషుల అమ్మకాన్నీ వెట్టినీ 1950లో రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది. కన్నవాళ్లో సంరక్షకులో 18 ఏళ్లలోపు బిడ్డను దోపిడీకి అప్పగిస్తే, డబ్బు ముట్టినా ముట్టకున్నా, అది బానిసత్వం లాంటిదేనని ఐక్యరాజ్యసమితి 1956 ఒప్పందంలో నిర్వచించింది. అక్షరాలా ఆడబాప బతుకే అది. 1976 నాటి వెట్టి చాకిరీ రద్దు చట్టం భగేలా, జీత, పాలేరు, వెట్టి అన్న పేర్లను పేరుపేరునా ఎక్కించింది. బాలకార్మికతలోని అతి ఘోర రూపాలపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1999లో చేసిన 182వ ఒప్పందాన్ని మన దేశం 2017లో గానీ ఆమోదించలేదు. అంత ఆలస్యానికి సరైన జవాబు నాకు ఎక్కడా దొరకలేదు.

ఇప్పుడు చాకిరీకి పిల్లలు రైల్లో వస్తున్నారు. బిహార్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే దానాపూర్ ఎక్స్‌ప్రెస్ మన కాజీపేట మీదుగానే పోతుంది. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. ఎక్కువమంది బిహార్ పిల్లలే. కన్నవాళ్ల చేతిలో కొంత అడ్వాన్సు పెట్టి తీసుకొచ్చినవాళ్లు.

వెట్టి నుంచి విడిపించిన పిల్లలకు 2016 కేంద్ర పథకం కింద 2 లక్షల రూపాయలు, అక్రమ రవాణా వంటి ఘోరాలకు గురైతే 3 లక్షలు రావాలి. పూర్తి సొమ్ము మాత్రం నిందితుడికి శిక్ష పడ్డాకే. శిక్ష పడాలంటే, ఊరికి వెళ్లిపోయిన పదేళ్ల పిల్లవాడు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు వెనక్కి వచ్చి బోనెక్కాలి. ఎవరి వెంట వస్తాడు? ఎవరి ఖర్చుతో? ఇలాంటి పిల్లలు తమ జిల్లా నుంచే వీడియోలో సాక్ష్యం చెప్పే పద్ధతిని 2022లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. రాష్ట్రం దాటి వచ్చిన పిల్లల కేసు ఏది విచారణకు వచ్చినా, ఆ పద్ధతి పాటించమని ప్రాసిక్యూటర్ మొదటి వాయిదాలోనే అడగాలి.