పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు

పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చినవాళ్లు సెగ కాస్త తగ్గించి కూర్చోండి. ఈరోజు చెప్పబోయేది మన ఇంటిపేర్ల కథ. రాజుల చరిత్ర కాదిది, మన గడప దాటి దేశాలు పోయిన పేర్ల చరిత్ర.

కిందటేడు మా అమ్మ కాలం చేసింది. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన చేయి ఆమెది. ఆమె పాసుబుక్కులో మిగిలిన కాస్త డబ్బు కోసం బ్యాంకుకు వెళ్లాను. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు గాజుల. ఆధార్ కార్డులో గడ్డం. కౌంటర్ దగ్గరి అబ్బాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "అమ్మా, ఈ ఇద్దరూ ఒక్కరేనని రుజువేది?" అన్నాడు. ఆ పిల్లవాడి తప్పేం లేదు. కానీ నాకు నోట మాట రాలేదు. సిరిసిల్లలో పుట్టిన పిల్లా, జగిత్యాల కోడలూ ఒక్కతేనని నాకు తెలుసు. కాగితానికి ఎలా తెలుస్తుంది? ఇంటికొచ్చాక మా అత్తమ్మతో చెబితే, "ఆడదానికి రెండు ఇంటిపేర్లు బిడ్డా, రెండూ అరువే" అంది. ఆ మాట పట్టుకునే ఈ కథ వెతుక్కుంటూ పోయాను.

ఇంటిపేర్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. కొన్ని ఊళ్ల పేర్లు. మన వైపు ఎలగందుల అనే ఇంటిపేరు ఉంది చూడండి, అది కరీంనగర్ కన్నా ముందు జిల్లాకు పేరిచ్చిన ఎలగందుల కోట ఊరు. ప్రధానిగా చేసిన పి.వి.గారి ఇంటిపేరు పాములపర్తి, అదీ ఊరిపేరే. ఊరు విడిచి వచ్చినవాళ్లనే ఆ ఊరిపేరుతో పిలుస్తారు. సొంత ఊళ్లో ఉన్నవాణ్ణి ఆ ఊరివాడని ఎవరంటారు? అంటే ఊరిపేరున్న ప్రతి ఇంటిపేరు వెనకా ఒక వలస ఉందన్నమాట. ఇంకొన్ని వస్తువులవీ, జంతువులవీ, ఆనవాళ్లవీ: గాజుల, గుర్రం, గడ్డం. ఏ తాతకు గడ్డం ఉండేదో గాని, ఈరోజు గడ్డం రాని మనవరాళ్లం కూడా మోస్తున్నాం!

ఇంగ్లీషువాళ్లదీ ఇదే తంతు. 1066లో నార్మన్లు వచ్చి ఆ దేశాన్ని గెలిచేనాటికి అక్కడి జనానికి ఎక్కువగా ఒక్కటే పేరు. తరువాతి మూడు నాలుగు వందల ఏళ్లలో ఊరినిబట్టి, పనినిబట్టి, తండ్రినిబట్టి, ఆనవాలునుబట్టి ఇంటిపేర్లు స్థిరపడ్డాయి. 1979 నుంచి 1990 దాకా ప్రధానిగా చేసిన మార్గరెట్ థాచర్ సంగతే తీసుకోండి. థాచర్ అంటే ఇంటికప్పు గడ్డితో నేసేవాడు. అది ఆమె భర్తవైపు పేరు. పుట్టింటి పేరు రాబర్ట్స్, అంటే రాబర్ట్ సంతతి. దేశాన్నేలినామెకూ రెండు పేర్లే!

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది వెబ్‌స్టర్. ఆ పేరుతో నిఘంటువు ఉంది, మీ పిల్లల దగ్గర చూసే ఉంటారు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు నేతపని చేసే ఆడమనిషి అని అర్థం. మగవాడైతే వెబ్. పోను పోను వెబ్‌స్టర్ మగవాళ్లకూ వచ్చి, ఇంటిపేరై కూర్చుంది. చూశారా, అక్కడ కనీసం ఒక పేరులోనైనా మగ్గం ముందు కూర్చున్న ఆడమనిషి మిగిలింది. మన దగ్గర రాట్నం తిప్పి కండెలు చుట్టింది ఆడవాళ్లే. అయినా అవ్వ పనిని చెప్పే ఇంటిపేరు మాకు తెలిసిన ఇళ్లలో ఒక్కటీ కనపడలేదు.

సరే, ఈ పేర్లు ఎంతదూరం పోయాయో చూద్దాం. 19వ శతాబ్దంలోనే నిజాం ఇలాకా నుంచి మనవాళ్లు బొంబాయికి కూలిపనికి పోయారు. అక్కడివాళ్లు వాళ్లను కామాటీలన్నారు. కామాఠీపుర అనే పేటకు ఆ పేరు వాళ్లవల్లే వచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్కను దేశాన్ని పెద్ద కరువు పీడించింది. 1877లో షోలాపూర్‌లో మొదటి నూలుమిల్లు వెలిసింది. ఆ రోజుల నుంచీ మన పద్మశాలి కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని అటు నడిచాయి. తరువాత భీవండి సాంచాలు, ఆ తరువాత సూరత్. 1970ల నుంచి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలోని మగపిల్లలు దుబాయి, మస్కట్ బాట పట్టారు.

పోయినచోటల్లా పేరు కొత్త వేషం కట్టింది. మనకు ఇంటిపేరు ముందుంటుంది. మన హనుమాజీపేట సినారెగారి పేరులో మొదటి అక్షరం సింగిరెడ్డి అనే ఇంటిపేరుదే. మరాఠీ దేశంలో మనిషి పేరు, తండ్రి లేక భర్త పేరు, చివర ఇంటిపేరు. అలా మన ముందుపేరు వెనక్కి పోయింది. కొన తెగింది కూడా. గాజుల గాజుల్ అయింది, వేముల ఏముల్ అయింది. షోలాపూర్‌లో మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన కార్మిక నాయకుడు ఆడం నర్సయ్యగారిని అక్కడ నర్సయ్య ఆడం అంటారు. తెలియనివాళ్లు వింటే ఆదాము అవ్వల ఆడం అనుకుంటారేమో!

గల్ఫ్ బాటలో ఇంకో చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, మనిషి పేరుకు ఒక గడి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లు మనలో ఎందరో. 2022 నవంబరులో, పాస్‌పోర్టులో ఒక్క మాట పేరే ఉంటే విజిట్ వీసా మీద రానివ్వబోమని ఎమిరేట్స్ దేశం ప్రకటించింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని తరువాత కాస్త సడలించింది. ఏనాటి తాత పేరో విమానం ఎక్కాలా వద్దా అన్నది తేల్చే రోజు వచ్చింది.

ఇంతదూరం పోయినా మనవాళ్లు ఒకరినొకరు మరిచిపోలేదంటే, అది ఎవరి పుణ్యం? పద్మశాలీలు మార్కండేయ మహర్షి వంశమని, 101 గోత్రాలని పెద్దలు చెప్పుకుంటారు. ఒక్కో గోత్రంలో ఎన్నో ఇంటిపేర్లు. ఒకే గోత్రం వాళ్లు అన్నదమ్ముల వరుస, పిల్లనిచ్చి పుచ్చుకోరాదు. ఈ లెక్కంతా ఏ పుస్తకంలో ఉంది? అమ్మమ్మల నోట్లో ఉంది. కోరుట్లలో మా మేనత్తకు అక్షరం ముక్క రాదు. భీవండి నుంచి సంబంధం వస్తే చాలు, "మీదే ఊరు? ఇంటిపేరేంది? మీ అమ్మ పుట్టిల్లు ఎవరు?" అని మూడు ప్రశ్నలడిగి, మూడు తరాలు విప్పి చెప్పేది. మగవాళ్లు పేరును మోశారు. దాని లెక్క మాత్రం ఆడవాళ్లే కాపాడారు.

కాపాడినవాళ్ల పేర్లే పోతున్నాయి, అదీ నా బాధ. నాన్న ఇంటిపేరు రేషన్ కార్డు నుంచి పాస్‌పోర్టు దాకా ఉంటుంది. అమ్మమ్మ పుట్టింటి పేరు ఏమిటమ్మా అని ఈసారి మీ పిల్లల్ని అడిగి చూడండి. మా అబ్బాయి తెల్లమొహం వేశాడు. మేనత్త పోయాక నేనూ అంతే, మా నాయనమ్మ పుట్టింటి పేరు తెలుసుకోవడానికి ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

అందుకని రెండు మాటలు చెప్పి సెలవు తీసుకుంటాను. ఒకటి, పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకుని తీరాలని మన దేశంలో చట్టమేదీ లేదు. మీ ఆడపిల్లలు మార్చుకుంటారా, ఉంచుకుంటారా, అది వాళ్ల ఇష్టం. ఏది చేసినా అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉండేట్టు చూడండి, పెళ్లి సర్టిఫికెట్ తప్పకుండా తీసుకోండి. నాకు అది లేకనే నోటరీ చుట్టూ తిరగాల్సి వచ్చింది. రెండోది, ఈ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఒక నోటుపుస్తకం తీయండి. మీ అమ్మ పుట్టింటి పేరు, అమ్మమ్మది, నాయనమ్మది, అత్తగారిది, వాళ్ల ఊళ్లతో సహా రాసిపెట్టండి. తెలియనివి, చెప్పగలిగే పెద్దవాళ్లు ఉండగానే అడగండి.

అత్తమ్మ అన్నట్టు రెండూ అరువే కావచ్చు. అరువు సొమ్మునైనా పద్దు రాసి పెట్టుకుంటాం కదా.

ఇక వెళ్లండి, పప్పు చూసుకోండి.