పార్కిన్సన్స్ బారిన పడిన వృద్ధులు: మెరుగైన వైద్యానికి మార్గాలు

మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని ఉత్పత్తి చేసే కణాలు క్రమంగా నశించడం వల్ల పార్కిన్సన్స్ వ్యాధి సంక్రమిస్తుంది. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీనిని తొలిసారి సమగ్రంగా వర్ణించారు. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 11ను ప్రపంచ పార్కిన్సన్స్ దినంగా పాటిస్తున్నారు. వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. అయితే సరైన వైద్యంతో రోగి చాలాకాలం తన పనులు తాను చేసుకోగలడు.

తొలి గుర్తింపు

చేతి వణుకు ఒక్కటే లక్షణం కాదు. నడక నెమ్మదించడం, కండరాలు బిగుసుకోవడం, చేతిరాత చిన్నదవడం, వాసన తెలియకపోవడం, మలబద్ధకం వంటి వాటిని వయసు ప్రభావమని కుటుంబసభ్యులు సరిపెట్టుకోవడం పరిపాటి. వ్యాధిని నిర్ధారించే రక్తపరీక్ష ఏదీ సాధారణ వాడుకలో లేదు. నాడీ వైద్య నిపుణుని పరిశీలనే ప్రధానం. తలతిరుగుడుకు వాడే సిన్నరిజిన్, పార్శ్వపు నొప్పికి వాడే ఫ్లూనరిజిన్ వంటి మందులు సైతం ఇవే లక్షణాలను కలిగించగలవు. అందువల్ల వృద్ధులు వాడుతున్న మందులన్నింటినీ నిపుణునికి చూపడం అవసరం.

మాత్రకు వేళ ముఖ్యం

చికిత్సకు మూలాధారం లెవోడోపా. దీనిని కార్బిడోపాతో కలిపి ఇస్తారు. మాంసకృత్తులు అధికంగా ఉన్న ఆహారం ఈ మందు శరీరానికి అందకుండా అడ్డుపడవచ్చు. కాబట్టి సాధారణంగా భోజనానికి అరగంట ముందు, లేదా గంట తరువాత వేసుకోవాలని సూచిస్తారు. మోతాదు వేళ తప్పితే రోగి కదలలేని స్థితికి చేరవచ్చు. మందును హఠాత్తుగా మానివేయడం ప్రాణాపాయానికీ దారితీయవచ్చు. దూలగొండి గింజల్లోనూ లెవోడోపా సహజంగా ఉంటుంది. ఆ చూర్ణం వాడేవారు ఆ సంగతి వైద్యునికి తప్పక తెలపాలి.

ఆసుపత్రిలో చేరినప్పుడు

జ్వరం, ఎముక విరుగుడు వంటి వేరే కారణాలతో ఆసుపత్రిలో చేరినప్పుడే ప్రమాదం పొంచి ఉంటుంది. వార్డు వేళలకు అనుగుణంగా మందు ఆలస్యం కావచ్చు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, కలవరపాటుకు ఇచ్చే హాలోపెరిడాల్ డోపమైన్ పనిని అడ్డుకొని వ్యాధిని తీవ్రం చేస్తాయి. మాత్రల పేర్లు, మోతాదులు, వేళలు, ఇవ్వకూడని మందులు రాసిన కాగితాన్ని చేరిన రోజే వైద్యునికీ, నర్సుకూ అందజేయాలి. గుటక పడని రోగికి మాత్రను పొడి చేసేముందు వైద్యుని సంప్రదించాలి. నిదానంగా కరిగే రకం మాత్రలను నలపరాదు.

మందులకు తోడు

ఫిజియోథెరపీ నడకను, తూలకుండా నిలిచే పట్టును మెరుగుపరుస్తుంది. మాట, గుటక సమస్యలకు వాక్ చికిత్సకులు తోడ్పడతారు. లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడం, కుంగుబాటు, లేనివి కనిపించడం వంటివి వ్యాధిలో భాగమే. వీటికీ చికిత్స ఉంది. మందుల ప్రభావం హెచ్చుతగ్గులవుతున్న కొందరికి డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ శస్త్రచికిత్స ఉపకరిస్తుంది. మతిమరుపు ముదిరిన వారికి సాధారణంగా దీనిని సూచించరు.

ప్రభుత్వ ఆసరా

హైదరాబాద్‌లోని నిమ్స్, బెంగళూరులోని నిమ్హాన్స్, ఢిల్లీలోని ఎయిమ్స్, తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలలో నాడీ వైద్య విభాగాలు ఉన్నాయి. దూర ప్రయాణం చేయలేనివారు ఈ-సంజీవని ద్వారా వైద్య సలహా పొందవచ్చు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2024 అక్టోబరులో వర్తింపజేశారు. దీని కింద ఆసుపత్రిలో చేరినప్పుడు కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. ఇంట్లో నిత్యం వాడే మాత్రల ఖర్చు ఇందులోకి రాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను వైకల్యంగా గుర్తించింది. వయోవృద్ధుల సహాయ కేంద్రం ఫోన్ నంబరు 14567.

వైద్యుని వద్దకు వెళ్లేముందు వారం రోజులపాటు మాత్ర వేసిన వేళ, కదలిక బాగున్న సమయం, బిగుసుకుపోయిన సమయం, తూలిపడిన సందర్భాలు రాసి ఉంచితే మోతాదును సరిచేయడం సులభమవుతుంది. రోజంతా దగ్గరుండి చూసేవారు చెప్పే ఈ వివరాలు, కొద్ది నిమిషాల పరీక్షలో వైద్యునికి కనిపించనివి.