దేశము వస్తువా? సంబంధమా?

బొక్కెనలో నీరు పోసి, పొడవైన త్రాటితో వ్రేలగట్టి, త్రాటిని గట్టిగ పురిపెట్టి విడిచినచో ఏమగును? మొదట బొక్కెన మాత్రమే గిరగిర తిరుగును. నీటిమట్టము చదునుగనే యుండును. కొంతసేపటికి నీరును బొక్కెనతో సమముగ తిరిగి, నడుమ క్రుంగి, అంచులవెంట పైకెక్కును. బడిపిల్లలుగూడ చేసి చూడదగిన ఈ ప్రయోగమును న్యూటను 1687 లో తన ‘ప్రిన్సిపియా’ గ్రంథమున వర్ణించెను.

నీరు క్రుంగినపుడు నీటికిని బొక్కెనకును నడుమ సాపేక్షచలనము లేదు; ఆ చలనమున్నపుడో నీరు చదునుగ నున్నది. మరి నీరు దేనినిబట్టి తిరుగుచున్నట్లు? నిరపేక్షదేశమును బట్టి యని న్యూటను సమాధానము. ఇచట దేశమనగా రాజ్యము కాదు. వస్తువులన్నియు తొలగినను నిలిచియుండు చోటు. కాలమును అట్లే, ఏ సంఘటనతోను పనిలేక సమముగ సాగిపోవును. ద్రవ్యము ఆ రంగస్థలముపై వచ్చిపోవు పాత్ర మాత్రమే.

లైబ్నిట్జు దీని నంగీకరింపలేదు. 1715, 1716 లలో, వేల్సు రాకుమారి కెరోలిన్ మధ్యవర్తిత్వమున, న్యూటను పక్షమువాడగు శామ్యూల్ క్లార్కునకు ఐదు లేఖలు వ్రాసెను. వస్తువులు ఏకకాలమున నుండు క్రమమే దేశము, ఒకదానివెనుక నొకటి జరుగు క్రమమే కాలము అని ఆయన మతము. విశ్వమంతయు తూర్పు పడమరలు తారుమారుగ సృష్టింపబడియున్నచో ఎవరికైన భేదము తెలియునా? తెలియరాని భేదము భేదమే కాదనెను. వాదము చక్కనిదే; కాని క్రుంగిన నీటికి అందు తృప్తికరమగు సమాధానము లేదు. 1716 నవంబరులో ఆయన మరణించుటతో లేఖలాగిపోయెను.

ఆ లోటును పూరింపజూచినవాడు ఎర్నెస్టు మాక్. నీరు తిరుగునది శూన్యమునుబట్టి కాదు, దూరనక్షత్రములతోగూడిన సమస్తద్రవ్యమును బట్టి యని 1883 లో వ్రాసెను. బొక్కెన గోడలు క్రోసులకొలది మందమైనచో నీరెట్లుండునో చూచినవా రెవ్వరు?

ఐన్‌స్టీనునకు ఈ భావము మిక్కిలి నచ్చెను. ద్రవ్యరాశియు శక్తియు ఒకటేయని ఆయన 1905 లోనే చూపియుండెను. ఒక్క గ్రాము ద్రవ్యము పూర్తిగ శక్తిగ మారినచో సుమారు 2.5 కోట్ల యూనిట్ల విద్యుత్తునకు సమానము. 1908 లో మింకోవ్‌స్కీ దేశకాలములను ఒకే చతుర్మితీయ వ్యవస్థగ కూర్చెను. 1915 నవంబరులో ఐన్‌స్టీను ద్రవ్యశక్తులే దేశకాలమును వంచునను సమీకరణములను ప్రకటించెను. ద్రవ్యము లేనిచో దేశకాలమును లేదని తేలునని ఆయన యాశ. 1917 లో డచ్చి ఖగోళజ్ఞుడు డి సిట్టర్, ద్రవ్యమేమియు లేని విశ్వముగూడ ఐన్‌స్టీను సమీకరణములకు సాధనమగునని చూపెను! ఐన్‌స్టీనున కది రుచింపలేదు. అయినను గణితము ఎవరి యాశలనుబట్టియు నడువదు గదా.

2015 సెప్టెంబరు 14 న అమెరికాలోని లైగో యంత్రములు రెండు కృష్ణబిలముల కలయికనుండి వచ్చిన అలను పట్టుకొనెను. ఆ కలయికలో సుమారు 3 సూర్యుల ద్రవ్యరాశి శక్తిగ మారెను. ఆ శక్తి వెలుగుగ గాక, దేశకాలపు కంపముగనే దాదాపు 130 కోట్ల కాంతిసంవత్సరములు ప్రయాణించి వచ్చినది. వేదికయని తలచినదే శక్తిని మోసికొనివచ్చెనన్నమాట. కాని ఆ శక్తి ఏ బిందువువద్ద ఎంత యున్నదో సమీకరణములు చెప్పజాలవు. కొన్ని తరంగదైర్ఘ్యముల మేర సరాసరి తీసినపుడే లెక్క తేలును.