బోర్డు మీద రెండు మాటలు

హైదరాబాద్ పాతబస్తీ అంచున ధూల్‌పేటలో ఒక సర్కారు ఠాణా ఉంది. పేరు ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ స్టేషన్. మొదటి మాట తాగొద్దంటుంది, రెండోది తాగితే పన్ను కట్టమంటుంది. ఈ రెండూ ఒకే బోర్డు ఎక్కడానికి పెద్ద కథే ఉంది.

రెండో మాట ఇక్కడిదే. ఎక్సైజ్‌ని జనం ఇప్పటికీ ఆబ్కారీ అనే అంటారు. పారసీలో ఆబ్ అంటే నీళ్లు. కల్లు మీద, సారా మీద వచ్చే రాబడి నిజాం ఖజానాకు పెద్ద ఆసరా. మొదటి మాట మద్రాసు వైపు నుంచి వచ్చింది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యం ఆపింది. మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాల వంతు. 1956లో తెలుగువాళ్లంతా ఒకే రాష్ట్రమయ్యేసరికి ఆంధ్రలో నిషేధం, తెలంగాణలో సారా వేలంపాట. 1960ల చివర ఆంధ్రలోనూ నిషేధం ఎత్తేశారు. ఆబ్కారీయే గెలిచింది. 1980ల్లో సర్కారు ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరికీ పంపింది. కూలి డబ్బులు ఇల్లు చేరకముందే ప్యాకెట్ ఎదురొచ్చేది.

దీనికి అడ్డం తిరిగింది రాత్రి బడి. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. పెద్దలు చదువుకునే వాచకంలో సారా కొట్టు మూయించిన సీతమ్మ కథ ఉంది. దూబగుంట ఆడవాళ్లు అది చదివి పలక పక్కన పెట్టారు, వెళ్లి తమ ఊరి కొట్టు మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1992లో చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊళ్లకు ఊళ్లు కదిలాయి. నెల్లూరులో సారా వేలంపాట వాయిదాల మీద వాయిదాలు పడింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్. 1994 డిసెంబర్‌లో ఎన్టీ రామారావు హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16న అది అమల్లోకి వచ్చింది.

తాగుడు మానిన ఇళ్లలో కూలి డబ్బు నిలిచింది, దెబ్బలు తగ్గాయి. సర్కారు ఖజానాకు మాత్రం గండి పడింది. పొరుగు రాష్ట్రాల సీసాలు దొంగదారిన దిగాయి. 1996లో కిలో రెండు రూపాయల రేషన్ బియ్యం మూడున్నర అయింది. 1997లో నిషేధం సడలించారు. అయితే దుకాణాల్లోకి తిరిగొచ్చింది బ్రాండ్ సీసాలే. సారా మీద నిషేధం అలాగే ఉండిపోయింది. డబ్బున్నవాడికి వైన్స్ తెరిచారు, కూలివాడి చౌక మందుకు మూత బిగించారు. ఆ సందులోకి దొంగచాటుగా కాచే నాటుసారా, గుడుంబా దూరింది.

ధూల్‌పేటకు గుడుంబా కొత్త కాదు, గిరాకీ కొత్త. సంక్రాంతికి పతంగులు, రాఖీ పండక్కి రాఖీలు, చవితికి గణేశుడి విగ్రహాలు చేసే చేతులవి. పండగకీ పండగకీ మధ్య పని ఉండదు, అప్పు ఉంటుంది. కొన్ని ఇళ్లలో నల్లబెల్లం, పటిక కుండలోకి చేరేవి. ఆబ్కారీ వాళ్లు దాడి చేస్తే బెల్లం ఊట గల్లీ మోరీలో పారేది. వారం తిరిగేసరికి మరో కుండ. తెలంగాణ వచ్చాక 2015 నుంచి గుడుంబాపై గట్టిగా పట్టు బిగించి, తయారీ మానినవాళ్లకు వేరే బతుకుతెరువు చూపుతామన్నారు. గుడుంబా తగ్గింది. కానీ 2024లో అదే పేటలో ‘ఆపరేషన్ ధూల్‌పేట’ పేరుతో మళ్లీ దాడులు జరిగాయి. ఈసారి గంజాయి కోసం.

మద్యం మాన్పించడం రాజ్యం ధ్యేయం కావాలని మన రాజ్యాంగం 47వ అధికరణమే చెబుతోంది. అమెరికా 1920లో దేశమంతా నిషేధించి 1933లో వెనక్కి తీసుకుంది. మన అనుభవం చెప్పేది ఒకటే. ఆడవాళ్లు కాపలా కాసిన ఊళ్లో నిషేధం నిలబడింది. చేతికి పని చూపకుండా కుండ మాత్రం పగలగొట్టిన పేటలో సరుకు పేరే మారింది. దేశమంతా నిషేధం కావాలనేవాళ్లు ముందు ధూల్‌పేట గల్లీలో ఒకసారి నడవాలి.

2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు డ్రా తీశారు. ఒక్కో దరఖాస్తుకు రుసుము రెండు లక్షలు, తిరిగిరాదు. ఆ డ్రా తీసిన శాఖ పేరులో మొదటి మాట ఇప్పటికీ మద్యనిషేధమే.