పాతసామాను పునర్జన్మలు: తెనాలి సీమలో ఇంటి అలంకరణ చరిత్ర

గృహాలంకరణ చరిత్ర అనగానే మనకు రాజప్రాసాదాల స్తంభాలు, జమీందారుల దివాణాలలో వేలాడిన గాజుదీపాలు, నిలువుటద్దాలు గుర్తుకు వస్తాయి. చరిత్రకారులు కూడా ఎక్కువగా వాటినే పట్టించుకున్నారు. ఖరీదైన వస్తువుకు లెక్క ఉంటుంది, లెక్క ఉన్నచోట కాగితం మిగులుతుంది, కాగితం మిగిలినచోట చరిత్ర పుడుతుంది. చిరిగిన చీరకు, పగిలిన గాజుకు, ఖాళీ డబ్బాకు చిట్టా రాసినవారెవరూ లేరు. అయినా సామాన్యుల ఇళ్ళకు ఇంత అందం తెచ్చిపెట్టినవి ఇవే. తక్కువ ఖర్చుతో ఇల్లు దిద్దుకోవడమెలాగో నేర్పే వ్యాసాలు, దృశ్యాలు ఈరోజు అంతర్జాలం నిండా కనిపిస్తున్నాయి. అదేదో కొత్తగా కనిపెట్టిన విద్య అన్నట్టు మాట్లాడుతున్నారు కనుక, దాని పాత చరిత్రను కొంతైనా చెప్పుకోవాలనిపించింది.

చెప్పదలచిన ప్రదేశం తెనాలి, దాని పక్కనే ఉన్న అంగలకుదురు, అక్కడినుంచి రేపల్లె, బాపట్లల దాకా పరచుకున్న వరిసీమ. గుంటూరు నుంచి రైలులో తెనాలి వెళ్ళేవారికి తెనాలికి కొద్దిగా ముందు తగిలే చిన్న స్టేషను అంగలకుదురు. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె, బాపట్ల అందులోకి వెళ్ళాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. జీవనవిధానంలో మాత్రం ఇదంతా ఒకటే సీమ. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కృష్ణ నీళ్ళు కాలువలకు మళ్ళిన తరువాత ఇక్కడ వరి స్థిరపడింది. వరితో గడ్డి, గోనెసంచి వచ్చాయి. రైలుతో కిరసనాయిలు డబ్బా, అచ్చుబొమ్మ వచ్చాయి. ఊరికి వచ్చిన వస్తువు మొదటి పని ముగించుకున్న తరువాత ఏమయింది అన్నదే మన ప్రశ్న.

మొదట కుదురు సంగతి. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేలమీద నిలవదు. దాని కింద పెట్టే వలయమే కుదురు. గడ్డిని పురిపెట్టి చుట్టి, పైన పాతగుడ్డ పేలికలతో బిగిస్తే కుదురు తయారయ్యేది. నెత్తిన బిందెలు మోసే ఆడవారి చుట్టకుదురు కూడా పాతగుడ్డదే. అంగలకుదురు పేరులోని కుదురుకు, ఈ కుదురుకు చుట్టరికం కలిపే సాహసం నేను చేయను. కాని మన భాషలో ‘కుదురుగా ఉండటం’ అన్న మాట ఎంత గౌరవమైనదో గమనించండి. ఆ కుదురును నిలబెట్టినది కొత్త వస్తువు కాదు, అరిగిపోయిన పంచె ముక్క.

పాతగుడ్డ చరిత్రలో పెద్ద అధ్యాయం బొంతది. మంగళగిరి, చీరాల వంటి నేత ఊళ్ళు దగ్గరలోనే ఉన్నందువల్ల ఈ ప్రాంతంలో నూలు చీరలకు కొదువ లేదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు నాలుగైదు పోగయ్యాక, చిరుగులు పడ్డవాటిని లోపల పరచి, రంగు చెడనివాటిని పైకీ కిందికీ వేసి, అంచుల నుంచి మొదలుపెట్టి వరుసలు వరుసలుగా కుట్టుకుంటూ లోపలికి వచ్చేవారు. కొన్ని ఊళ్ళలో కూలికి బొంతలు కుట్టే స్త్రీలు వీధుల వెంట తిరిగేవారు. చీర కొంగును బొంత నడుమకు తేవడం, అంచులను చుట్టూ చట్రంలా అమర్చడం, చిరుగు ఉన్నచోట వేరే రంగు ముక్కను చతురస్రంగా కత్తిరించి వేయడం, ఇవన్నీ సౌందర్య నిర్ణయాలే. వాటిని ఎవరూ కళ అని పిలవలేదు. సంస్కృతంలో దీనినే కంథ అన్నారు. వంగదేశంలో కాంథాగా, ఉత్తర కర్ణాటకలోని సిద్దీ స్త్రీల చేతుల్లో కవందిగా, జపాను పల్లెల్లో బోరోగా ఇదే పని వేరువేరు పేర్లతో సాగింది. ఆ మూడింటికీ నేడు ప్రదర్శనలు జరుగుతున్నాయి, కొనేవారు ఉన్నారు. మన బొంత మాత్రం ‘బొంత’ అన్న తేలికమాట దగ్గరే ఆగిపోయింది.

కాగితానికి కూడా రెండో జన్మ ఉండేది. తెనాలి నాటకాలకే కాక పుస్తక ప్రచురణకు కూడా పేరుపడ్డ ఊరు. పాతకాగితాలను రెండుమూడు రోజులు నానబెట్టి, రోట్లో దంచి, నానిన మెంతులు రుబ్బి ఆ గుజ్జులో కలిపేవారు. బోర్లించిన గిన్నె మీదనో బిందె మీదనో దానిని మందంగా మెత్తి, ఎండిన తరువాత ఊడదీసి రంగు వేస్తే బుట్ట సిద్ధం. మెంతుల జిగట గుజ్జుకు పట్టునిస్తుంది, చేదు పురుగును దగ్గరకు రానివ్వదు. వెదురు చేట సందులు విచ్చుకున్నా ఇదే పూత. విరిగిన గాజుముక్కల పని ఆడపిల్లలది. దీపపు మంటమీద పెడితే గాజు మెత్తబడుతుంది. దానిని వంచి, ఒకదానిలో ఒకటి దూర్చి గొలుసులుగా చేసి గుమ్మానికి తోరణంలా వేలాడదీసేవారు. గాజు చిట్లిందని పెద్దలు కోప్పడుతుంటే, రంగు బాగున్న ముక్క కోసం పిల్లలు కాచుకొని ఉండేవారు.

ఇరవయ్యో శతాబ్దంలో ఇంట్లోకి రేకు వచ్చింది. నలుచదరపు కిరసనాయిలు డబ్బా ఖాళీ అయితే మూత కోసి, అడ్డంగా కర్ర బిగించి నీళ్ళు తోడుకొనేవారు. కడిగి ఎండబెట్టి బియ్యం పోసుకొనేవారు. విప్పి చదును చేస్తే కప్పుకు రేకు అయ్యేది. 1937లో మార్కెట్లోకి వచ్చిన దాల్డా పసుపురంగు డబ్బాకు పట్టిన అదృష్టం ఇంకా చిత్రమైనది. దాని మీది తాటిచెట్టు బొమ్మ చెరగకముందే అందులో తులసో, కనకాంబరమో మొలిచేది. మధ్యతరగతి ఇంటి వసారా గోడమీద వరుసగా నిలబడిన ఆ డబ్బాలే మన తొలి పూలకుండీల వరుస. హరితవిప్లవం తరువాత ఎరువుల సంచులు ఆ వరుసలో చేరాయి. విప్పి కుట్టిన యూరియా సంచుల పట్టాలు ధాన్యం కప్పడానికి, వసారాకు వానజల్లు అడ్డుకోవడానికి పనికివచ్చాయి.

గోడల సంగతి చూద్దాం. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టిన తరువాత లక్ష్మి, సరస్వతి బొమ్మలు సామాన్యుల గోడల మీదికి వచ్చాయి. ఓపిక ఉన్న గృహిణులు ఆ అచ్చుబొమ్మలకు పాత జరీ అంచు ముక్కలు, చమ్కీలు అతికించి, అద్దం వేయించేవారు. ఆ తరువాత కాలెండర్ల యుగం. కొట్లవాళ్ళు ఉచితంగా ఇచ్చిన కాలెండరులో సంవత్సరం చెల్లిపోయినా దేవుడు చెల్లడు కదా! తేదీల భాగం కత్తిరించి బొమ్మకు పటం కట్టించేవారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామను ప్రారంభించారు. చక్రపాణి గారిది తెనాలే. ఆ పత్రికలోనూ ‘యువ’లోనూ వడ్డాది పాపయ్య గారు వేసిన రంగుల బొమ్మలు ఎన్ని ఇళ్ళలో పటాలై వెలిశాయో చెప్పనక్కరలేదు. చదివిన పత్రిక తూకానికి వెళ్ళేది, ముఖచిత్రం గోడకు ఎక్కేది. సామాన్యులకు చిత్రశాల అన్నది ఏదైనా ఉంటే అది ఇదే.

ఈ విద్యలన్నీ ఒక్కచోట కలిసే సందర్భం బొమ్మల కొలువు. సంక్రాంతికి అటకమీది సామానంతా కిందికి దిగుతుంది. ట్రంకుపెట్టెలు, పీటలు, ఖాళీ డబ్బాలు, పాత పుస్తకాల కట్టలు ఎత్తులు సరిచూసి మెట్లుగా పేరిస్తే, పైన పరచిన పాత పట్టుచీర వాటి దారిద్ర్యాన్నంతా కప్పేస్తుంది. మూలన పడి ఉన్న అద్దం చెరువవుతుంది. చుట్టూ ఇసుక పోసి, డబ్బామూతల్లో మొలకెత్తించిన ఆవాలు పచ్చని పొలాలవుతాయి. అగ్గిపెట్టెలు కుర్చీలు, మంచాలు అవుతాయి. ముక్కు విరిగిన బొమ్మ ముఖం పక్కకు తిప్పి కూర్చుంటుంది. కొత్తగా కొన్నది ఏటికి ఒకటో రెండో బొమ్మలు, మిగిలినదంతా ఇంటి ఆడవారి నేర్పు.

ఇంతవరకు చెప్పినది చదివి ‘పాత రోజులు ఎంత బాగుండేవో’ అనుకోవడం సులభం. చరిత్ర అక్కడ ఆగడానికి ఒప్పుకోదు. ఇదే గోనెపట్టా పెంకుటింట్లో కాళ్ళు తుడుచుకొనే గుడ్డ అయితే, కాలువగట్టున గుడిసెకు అదే తలుపు. ఇదే డబ్బారేకు ఒకరికి పూలకుండీ అయితే మరొకరికి కప్పు. ఇటీవలి కాలంలో నాయకుల బొమ్మలున్న ఫ్లెక్సీలు గుడిసెల మీద పరచుకొని ఉండటం మనం చూస్తూనే ఉన్నాం. ఒక వస్తువును రెండోసారి వాడటం ఒకచోట పొదుపు, ఒకచోట సరదా, ఇంకొకచోట వేరే దారి లేకపోవడం. వాడేవారి స్థితిని బట్టి ఆ పనికి పేరు మారుతోంది. 1928లో కేసరి గారు మద్రాసులో స్థాపించిన ‘గృహలక్ష్మి’ నుంచి, మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు నిర్వహించిన ‘ప్రమదావనం’ దాకా, గృహిణుల పనికి అచ్చులో చోటు దొరికింది. అది మంచిదే. కాని అచ్చుకు ఎక్కింది చదువుకున్న ఇల్లాలి పని. గోనెపట్టా తలుపు కట్టినామె గురించి అలాంటి శీర్షిక ఏదీ రాలేదు.

ఈ వ్యవస్థ నడవడానికి ఇంట్లో నేర్పు ఒక్కటే చాలదు. వీధిలో తిరిగే మనుషులు కావాలి. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు, చిల్లుపడిన బిందెలకు మాట్లు వేసేవారు, పాత ఇనుము, కాగితం, ఖాళీ సీసాలు కొనేవారు, పాతచీరలు తీసుకొని స్టీలు గిన్నెలు ఇచ్చేవారు. చివరివారి రాకతో బొంత కథ మలుపు తిరిగింది. నాలుగు పాతచీరలకు కళ్ళముందు మెరిసే గిన్నె వస్తుంటే, నెలరోజులు కూర్చొని బొంత కుట్టేదెవరు? దానికితోడు నైలాను, పాలియెస్టరు చీరలు వచ్చాయి. అవి చిరగవు, చెమట పీల్చవు, ఒకదానిమీద ఒకటి నిలవక జారిపోతాయి. బొంతకు కావలసిన పాత నూలు, తీరిక, రెండూ ఒకేసారి తగ్గిపోయాయి. బొంత కనుమరుగు కావడానికి మన అభిరుచి మారడం ఒక్కటే కారణం కాదు. ముడిసరుకు మారింది, ఆడవారి సమయానికి వెల వచ్చింది. రెండో మార్పును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

కలప విషయంలో ఇంకో చిత్రం జరిగింది. డెల్టాలో పెంకుటిళ్ళు, మండువా లోగిళ్ళు కూల్చి డాబాలు కడుతున్నప్పుడు టేకు స్తంభాలు, చెక్కడపు గుమ్మాలు, కమ్మీల కిటికీలు పాతకలప కింద లెక్కకట్టి అమ్మేశారు. ఆ గుమ్మమే నగరానికి చేరి, నూనె పట్టించుకొని, ఫలహారశాలలోనో విడిదిగృహంలోనో గోడకు ఆనుకొని నిలబడింది. ఊళ్ళో దానికి పలికిన వెలకూ, నగరంలో పలికిన వెలకూ పొంతన లేదు. పాతదనానికి విలువ కట్టగలిగినవాడికే లాభం. ఆ గడప మీద పసుపు రాసి, ముగ్గు వేసి దానిని అన్నేళ్ళు కాపాడినవారికి దక్కినది కలప ధర మాత్రమే.

అయితే తెనాలి ఈ కథకు ఒక కొత్త ముగింపును కూడా చేర్చింది. ఆ ఊళ్ళోని సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు గారు, ఆయన కుమారుడు రవిచంద్ర గారు వాహనాల పనికిరాని ఇనుప భాగాలతో, నట్లు బోల్టులతో విగ్రహాలు చేస్తున్నారు. సుమారు 75 వేల నట్లతో వారు చేసిన పదడుగుల గాంధీ విగ్రహం, 2021లో చేసిన పద్నాలుగడుగుల ప్రధాని మోదీ విగ్రహం పత్రికలకు ఎక్కాయి. గొలుసు, బేరింగు, పళ్ళచక్రం ఎక్కడ ఏ అవయవంగా అమరుతాయో చూసే ఆ కన్ను, డబ్బామూతలో వరిపొలాన్ని చూసిన కన్నుకు చుట్టమే. చండీగఢ్‌లో నేక్‌చంద్ 1957లో కూల్చిన ఇళ్ళ శిథిలాలతో ఎవరికీ తెలియకుండా మొదలుపెట్టిన శిలోద్యానం 1976లో ప్రజలకు తెరుచుకొంది. పారేసినదాన్ని కళగా గుర్తించడం ఈ దేశానికి చేతకానిది కాదని ఇవి చెబుతున్నాయి. కూడలిలో నిలబడిన విగ్రహానికి శిల్పి పేరు చెబుతున్నాం. మంచంమీది బొంతకు, గుమ్మానికున్న గాజుల తోరణానికి కూడా ఒక చేయి ఉంది, దానికీ ఒక పేరు ఉండేది.

నేటి తక్కువ ఖర్చు అలంకరణలను నేను తేలిక చేయడం లేదు. సీసాకు రంగు వేసి మనీప్లాంటు పెట్టుకున్నా, పాతచీరను కర్టెనుగా కుట్టుకున్నా మంచిదే. కాని పాతచీర లేకపోతే కొత్త బట్ట కొని ‘పాతదానిలా’ కుట్టించడం, కొత్త చెక్కకు గీతలు పెట్టి పాతదిగా అమ్మడం చూస్తుంటే, పొదుపు వేషం మాత్రమే మిగిలి పొదుపు పోయిందనిపిస్తుంది. వస్తువుకు రెండో జన్మ ఇచ్చేది దాని పాత రూపు కాదు. బాగుచేసే చేయి, అందుకు తగిన తీరిక, ఇంటింటికీ తిరిగి పాతసామాను సేకరించే మనిషి, ఈ మూడూ ఉండాలి. వాటిలో మూడోవానిని మనం ఇప్పటికీ మెట్లు ఎక్కనివ్వడం లేదు.

చదువరులకు ఒక మనవి. మీ ఇళ్ళలో బొంతలు, గుజ్జుబుట్టలు, చమ్కీల పటాలు మిగిలి ఉంటే వాటిని ఎవరు చేశారో ఇంట్లో పెద్దవారిని అడిగి రాసిపెట్టుకోండి. వస్తువు ఛాయాచిత్రంతో పాటు ఆ పేరు, ఊరు, సుమారు సంవత్సరం ఉంటే చాలు. లెక్క రాయని చరిత్రకు అదే మొదటి చిట్టా అవుతుంది. మీకు తెలిసిన విశేషాలను వ్యాఖ్యలలో పంచుకుంటే సంతోషిస్తాను.